పేరు లేని చైనా, కొరియా, జపాన్ చిత్తరువులు ఎక్కడివి, ఎప్పటివి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) కొన్న పట్టు చుట్ట (చుట్టి దాచే బొమ్మ), పాత బంగ్లా గోడ మీది గాజు బొమ్మ, ఎవరి పుస్తకాల మధ్యో దొరికిన అచ్చు కాగితం. ఇలాంటివి చేతికి వచ్చినవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బొమ్మ చేతికి వచ్చిన కొత్తలో

సంతకం లేదు, పేరు లేదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు దేశం తేల్చండి, తర్వాత కాలం, ఆ తర్వాత బొమ్మలోని మనిషి. చిత్రకారుడి సంగతి అన్నిటికన్నా చివర. చాలామంది చిత్రకారుడి పేరుతోనే మొదలుపెట్టి నెలల తరబడి తిరుగుతారు. తూర్పు ఆసియా చిత్తరువుల్లో ఎక్కువ భాగానికి ఆ పేరు ఎప్పటికీ దొరకదు. దేశం, కాలం మాత్రం చాలాసార్లు గట్టిగానే చెప్పొచ్చు.

ముఖంతో మొదలుపెట్టకండి. టోపీ, బట్టలు, కూర్చున్న ఆసనం, కాళ్ల కింద పరిచినది, బొమ్మ వేసిన బట్ట లేదా కాగితం, వెనక వైపు చూడండి. పైన రాసిన అక్షరాలను వీటి తర్వాతే లెక్కలోకి తీసుకోండి. ఖాళీ చోట నాలుగు అక్షరాలు ఎప్పుడైనా చేర్చవచ్చు. బొమ్మ నిండా ఉన్న వేషాన్ని మార్చడం అంత తేలిక కాదు.

నిపుణులకు పంపడానికి ఫొటోలు ఎలా తీయాలి?

పగటి వెలుతురు పడే గదిలో, నేరుగా ఎండ తగలకుండా, ఫ్లాష్ ఆపేసి తీయండి. కెమెరా బొమ్మకు సమాంతరంగా ఉండాలి. చుట్టూ ఉన్న అంచు బట్టతో సహా మొత్తం బొమ్మ ఒకటి, వెనక వైపు మొత్తం ఒకటి తప్పనిసరి. ఆపైన ముఖం, టోపీ, ఛాతీ, చేతులు, పాదాలు, ప్రతి ముద్ర, ప్రతి రాత, ప్రతి పాత లేబుల్ విడివిడిగా తీయండి. ప్రతిదాని పక్కనా సెంటీమీటర్ల స్కేలు కనపడాలి.

ఇంకొక్కటి: గది చీకటి చేసి, టార్చిని పక్క నుంచి దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని ఒక ఫొటో తీయండి. మడతలు, అతుకులు, తర్వాత పూసిన రంగు అందులోనే బయటపడతాయి.

పంపే ముందు బొమ్మ అద్దంలోలా తిరగబడలేదని చూసుకోండి. మూడు దేశాల్లోనూ అంగీ ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది, అంటే బొమ్మలోని మనిషికి కుడి వైపున మూసుకుంటుంది. అది ఎడమ వైపున కనిపిస్తే ముందు ఫొటోనే అనుమానించండి.

చుట్ట విప్పుతుంటే పగుళ్ల చప్పుడు వస్తోంది. పూర్తిగా విప్పొచ్చా?

వద్దు, అక్కడే ఆపండి. ఆ చప్పుడు పట్టుదో, వెనక అంటించిన కాగితపు పొరలదో. బలవంతంగా విప్పితే అడ్డంగా పగుళ్లు పడి, అక్కడి నుంచి రంగు రాలుతుంది. విప్పినంత మేరకు ఫొటో తీసి, వచ్చిన దారిలోనే మెల్లగా చుట్టి, సంరక్షణ నిపుణులకు చూపండి.

తడిగుడ్డతో తుడవడం అసలే వద్దు. ఈ రంగులకు బంధకం జంతువుల జిగురు. అది నీటికి కరిగిపోతుంది, ఒక్క తుడుపుతో బుగ్గ మీది ఛాయ పోవచ్చు. సెల్లోటేపు, ఫెవికాల్, ఇస్త్రీ పెట్టె, కలరా ఉండలు దగ్గరికి రానివ్వకండి. కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లు బయటి గోడకు వేలాడదీయకండి, వానాకాలంలో వెనక బూజు పడుతుంది.

## ఏ దేశానిది?

చైనాదా, కొరియాదా, జపాన్‌దా? ఒక్క చూపులో తేడా తెలిసేదెలా?

కూర్చున్న తీరు చూడండి. చైనా పూర్వీకుల చిత్తరువులో మనిషి కుర్చీలో ఎదురుగా, కదలిక లేకుండా, రెండు వైపులా సమానంగా కూర్చుంటాడు. చేతులు చాలాసార్లు పొడుగు చేతుల అంగీలో దాగి ఉంటాయి. కుర్చీ మీద పరుపు బట్టో పులితోలో, కాళ్ల కింద పూల తివాచీ. ముఖంలో ఏ భావమూ ఉండదు, ఉండకూడదు కూడా. అది పూజలో పెట్టుకునే పటం, దాని ముందు వంశమంతా నిలబడి నమస్కరించాలి.

కొరియాలో చొసన్ రాజ్యం (1392–1910) నాటి అధికారి కూడా కుర్చీలోనే ఉంటాడు. కానీ చాలా బొమ్మల్లో ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటుంది, పాదాలు చిన్న పీట మీద ఉంటాయి. నేల మీద పాత బొమ్మల్లో తివాచీ, తర్వాతి కాలపు వాటిలో రంగుల గడ్డితో అల్లిన పూల చాప కనిపిస్తాయి. ముఖం దగ్గరికి వెళ్లి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. మశూచి మచ్చలు, పులిపిర్లు, చర్మవ్యాధి గుర్తులు కూడా దాచకుండా వేశారు. ఒక్క వెంట్రుక తేడా వచ్చినా అది ఆ మనిషి బొమ్మ కాదన్న పాత కన్ఫ్యూషియన్ సూత్రాన్ని కొరియా చిత్రకారులు అక్షరాలా పాటించారు.

జపాన్‌లో యోధులు, దర్బారు మనుషులు కుర్చీలో ఉండరు. అంచుకు రంగు బట్ట కుట్టిన తతామి చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటారు. నడుముకు కత్తి, చేతిలో విసనకర్ర లేదా చదునైన చెక్క బద్ద, బట్టల మీద వంశ చిహ్నం ఉంటాయి. తల పైన ఖాళీ జాగా ఎక్కువ, తరచుగా అందులో ఎవరో బౌద్ధ భిక్షువు రాసిన వాక్యాలు ఉంటాయి. జెన్ బౌద్ధ గురువుల బొమ్మలు మాత్రం మినహాయింపు, వాళ్లు కుర్చీలోనే కూర్చుంటారు.

చైనా అక్షరాలు ఉన్నాయి కాబట్టి చైనాదే కదా?

కాదు. చైనా లిపి కొరియా, జపాన్, వియత్నాంలలో కూడా పండితుల రాతకు శతాబ్దాల పాటు వాడుకలో ఉంది. ఆ అక్షరాల మధ్య సులువుగా వంపులు తిరిగే కానా అక్షరాలు ఉంటే జపాన్‌ది. గుండ్రని సున్నాలు, నిలువు అడ్డ గీతలతో కట్టిన హంగుల్ ఉంటే కొరియాది. పక్కన నిలువుగా జడ అల్లినట్టు ఇంకో లిపి ఉంటే అది మంచూ లిపి కావచ్చు, అప్పుడు చైనాను ఏలిన మంచూల చింగ్ రాజ్యం (1644–1912) వైపు చూడండి.

తేదీ రాసిన పద్ధతీ దేశాన్ని పట్టిస్తుంది. చైనాలో చింగ్‌కు ముందున్న మింగ్ రాజ్యం 1644లో పడిపోయినా, కొరియా పండితులు మంచూల ఏలుబడిని మనసులో ఒప్పుకోక, మింగ్ చివరి చక్రవర్తి చొంగ్‌జన్ శకాన్నే (1628తో మొదలు) చాలా కాలం లెక్కిస్తూ వచ్చారు. ‘చొంగ్‌జన్ తర్వాత మూడో ఫలానా సంవత్సరం’ అన్న తరహా తేదీ ఉంటే అది కొరియా రాత అనడానికి బలమైన ఆధారం. అది తెలియక చాలామంది అలాంటి బొమ్మను మింగ్ నాటిదిగా చెప్పేస్తారు.

మింగ్ అధికారి, కొరియా అధికారి ఒకేలాంటి బట్టల్లో ఉన్నారు. వేరు చేయడం ఎలా?

ఈ సందేహం రావడం సహజం. గుండ్రని మెడ అంగీ, రెండు రెక్కల నల్ల టోపీ, ఒంటికి దూరంగా నిలిచే నడుము పట్టీ చొసన్ వాళ్లకు మింగ్ నుంచే వచ్చాయి. చైనాలో 1644 తర్వాత మంచూ వేషం వచ్చింది, మగవాళ్లు తల ముందు భాగం గొరిగి జడ వేసుకున్నారు. కొరియాలో పాత వేషం 19వ శతాబ్దం దాకా నిలిచింది.

అందుకని మూడు చోట్ల చూడండి. ఒకటి, ఛాతీ మీది చదరపు బ్యాడ్జి. మింగ్ కాలపుది పెద్దది, ఛాతీ అంతా పరుచుకుంటుంది. చొసన్ చివరి కాలపుది బాగా చిన్నది. రెండు, కాళ్ల కింద పీట, పూల చాప. మూడు, పట్టు వెనక వైపు. అంచు దగ్గర వెనక కాగితం ఊడి ఉంటే, పట్టు వెనక నుంచి కూడా రంగు వేశారేమో చూడొచ్చు. వెనక వేసిన తెలుపు, చర్మఛాయ పట్టు సందుల్లోంచి ముందుకు మెత్తగా కనపడేలా చేయడం కొరియా చిత్తరువుల్లో ఎక్కువ. కాగితాన్ని మీరు మాత్రం ఊడదీయకండి.

చుట్టూ అంచు బట్ట, పెట్టె జపాన్‌వి. బొమ్మ కూడా జపాన్‌దేనా?

చెప్పలేం. అంచు బట్ట అరిగినప్పుడల్లా మారుస్తారు. జపాన్‌లో చైనా, కొరియా బొమ్మలను శతాబ్దాలుగా సేకరించి, తమ పద్ధతిలో అంచులు కట్టి, పౌలోనియా చెక్క పెట్టెల్లో దాచుకున్నారు. పై కర్ర నుంచి రెండు సన్నని బట్ట పట్టీలు వేలాడుతుంటే అంచు కట్టింది బహుశా జపాన్‌లో అని మాత్రమే అర్థం. పెట్టె మూత మీది రాత ఉపయోగపడుతుంది, కానీ పెట్టెలు కూడా మారుతుంటాయి. పెట్టె లోపలి కొలత, చుట్ట పొడవు సరిపోతున్నాయో లేదో కొలవండి.

నూనె రంగులతో కాన్వాస్ మీద వేసిన చైనా వర్తకుడి బొమ్మ ఉంది. ఇది యూరప్ వాళ్లదా?

చాలా వరకు కాంటన్ (నేటి గ్వాంగ్‌జో), మకావు, హాంకాంగ్ దుకాణాల్లో చైనా చిత్రకారులు వేసినదై ఉంటుంది. 18వ శతాబ్దం చివర స్పాయిలమ్, 19వ శతాబ్దంలో లామ్‌క్వా ఈ పనిలో పేరున్నవాళ్లు. లామ్‌క్వా వైద్య మిషనరీ పీటర్ పార్కర్ కోసం కణుతులున్న రోగుల చిత్తరువులు వేశాడు, వాటిలో 80కి పైగా ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

లామ్‌క్వా శైలికి మూలం జార్జ్ చినరీ అనే ఆంగ్ల చిత్రకారుడు. చినరీ 1802లో మద్రాసుకు వచ్చి, తర్వాత కలకత్తాలో ఉండి, 1825లో మకావు చేరాడు. హైదరాబాద్ రెసిడెంట్ (బ్రిటిష్ ప్రతినిధి) జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ఇద్దరు పిల్లల చిత్తరువు 1805లో మద్రాసులో వేసింది ఆయనే. ముదురు నేపథ్యం, పెదవుల దగ్గర మెరిసే ఎరుపు, ఒక పక్క నుంచి పడే వెలుగు ఉన్న కాంటన్ బొమ్మల్లో ఆయన ప్రభావం కనిపిస్తుంది. అంతమాత్రాన అలాంటి ప్రతి బొమ్మనూ లామ్‌క్వాకు కట్టబెట్టకండి. ఆ వీధుల్లో దుకాణాలు చాలా ఉండేవి. కాన్వాస్ వెనక, చెక్క చట్రం మీద దుకాణం చీటీ ఉందేమో ముందు వెతకండి.

మా వాళ్ల పాత ఇంట్లో గాజు వెనక వేసిన స్త్రీ బొమ్మ ఉంది. చైనాదంటున్నారు. నిజమేనా?

అయి ఉండొచ్చు. కాంటన్‌లో గాజు వెనక వేసిన బొమ్మలు వర్తకుల ఓడల మీద ఇండియాకు వచ్చాయి. భారతీయ వేషంలో ఉన్నవాళ్లను కూడా చైనా చిత్రకారులు వేశారు. అదే పద్ధతి తర్వాత దక్షిణాదిలో తంజావూరు, మైసూరు ప్రాంతాల్లోనూ సాగింది, అందుకే రెండూ కలిసిపోతాయి.

చైనా పనిలో ముఖం మీద నీడలు మెత్తగా దిద్ది ఉంటాయి, గాజు పలచన. దక్షిణాది పనిలో చదునైన రంగులు, బంగారు రేకు, గట్టి గీత ఎక్కువ. నగలు భారతీయంగా ఉండి, కుర్చీ, పూలకుండీ, కిటికీ బయటి నది దృశ్యం చైనావిగా ఉంటే కాంటన్ వైపే మొగ్గండి. వెనక చెక్క పలకను విప్పేముందు గాజుకు అంటుకున్న రంగు ఊడుతోందేమో చూడండి. ఊడుతుంటే అసలు విప్పొద్దు.

‘రైస్ పేపర్’ మీద చిన్న చిన్న మనుషుల బొమ్మలు. ఇవేమిటి?

బియ్యంతో సంబంధం లేదు. టెట్రాపనాక్స్ అనే మొక్క కాండం లోపలి బెండును పలచగా చెక్కి తీసిన పొర అది. చేతికి మఖమల్‌లా తగులుతుంది, లెన్సు కింద కణాల గళ్లు కనపడతాయి, వంచితే పెళుసుగా విరుగుతుంది. 1820ల నుంచి కాంటన్‌లో విదేశీయుల కోసం గుట్టలుగా తయారైన బొమ్మలివి. చక్రవర్తి, మహారాణి, అధికారి అంటూ అమ్మినా ఎవరో ఒక నిజమైన మనిషి చిత్తరువులు కావు, నమూనా బొమ్మలు.

## ఏ కాలానిది?

ఛాతీ మీద చదరపు ముక్కలో పక్షి ఉంది. దాన్నిబట్టి ఏం చెప్పొచ్చు?

చాలా చెప్పొచ్చు. చైనా చిత్తరువులో ఇంతకన్నా విలువైన ఆధారం అరుదు. అధికారుల హోదాకు ఈ బ్యాడ్జిలను మింగ్ రాజ్యం 1391లో పెట్టింది. పక్షి అంటే పౌర అధికారి, మృగం అంటే సైనికాధికారి.

చింగ్ కాలంలో పౌర అధికారుల తొమ్మిది అంతస్తులు పైనుంచి వరసగా: క్రౌంచం, బంగారు ఫెజెంట్ (అడవికోడి జాతి పక్షి), నెమలి, అడవి బాతు, వెండి ఫెజెంట్, తెల్లకొంగ, మాండరిన్ బాతు, పూరేడు, పొడుగు తోక ఫ్లైక్యాచర్. సైనికుల్లో మొదటిది కిలిన్ అనే పురాణ మృగం, తర్వాత సింహం, చిరుత, పులి, ఎలుగుబంటి, కిందికి వెళ్లేకొద్దీ ఖడ్గమృగం, చివర అలల మీద పరిగెత్తే సముద్రపు గుర్రం.

పక్షిని తోకతో గుర్తుపట్టండి. వెండి ఫెజెంట్‌కు అంచులు రంపంలా ఉన్న అయిదు తోక ఈకలు, బంగారు ఫెజెంట్‌కు రెండు పొడుగు ఈకలు, నెమలికి కన్నులు. తెల్లకొంగ, క్రౌంచం కలిసిపోతే తల పైన ఎర్ర మచ్చ చూడండి, అది క్రౌంచానిదే.

కాలం తేల్చేది నడి గీత. చింగ్ పైకోటు ముందు నుంచి తెరుచుకుంటుంది కాబట్టి ఛాతీ మీది బ్యాడ్జి నిలువుగా రెండు సగాలు. మింగ్ అంగీ అలా తెరుచుకోదు కాబట్టి బ్యాడ్జి ఒకటే ముక్క, పెద్దది, చాలాసార్లు అందులో రెండు పక్షులు. చింగ్ బ్యాడ్జి సుమారు 30 సెంటీమీటర్ల చదరం, ఒకటే పక్షి, మూలన ఎర్రని సూర్యబింబం. 19వ శతాబ్దం గడిచేకొద్దీ అందులో మేఘాలు, అలలు, శుభచిహ్నాలు కిక్కిరిసిపోతాయి.

జాగ్రత్త ఒకటే. బ్యాడ్జి హోదా, నిజ జీవితంలో హోదా ఒకటి కానక్కర్లేదు. చింగ్ చివర్లో హోదాలు డబ్బుకు దొరికేవి, చనిపోయాక కొడుకు పదవి వల్ల తండ్రికి హోదా దక్కేది, కొన్ని కుటుంబాలు ఉన్నదానికన్నా ఒక మెట్టు పైది వేయించుకున్నాయి.

కొరియాలో ఈ బ్యాడ్జిలు 1454లో మొదలయ్యాయి. 19వ శతాబ్దంలో పౌరులకు క్రౌంచాలు, సైనికులకు పులులు స్థిరపడ్డాయి. జంట ఉంటే పై అంతస్తు, ఒకటే ఉంటే కింది అంతస్తు.

టోపీ కొసన రంగు పూస ఉంది. అది అలంకారమేనా?

అది కూడా హోదా గుర్తే, చింగ్ కాలానిది. పైనుంచి: పారదర్శక ఎరుపు, పగడం, పారదర్శక నీలం, గచ్చు నీలం (పారదర్శకం కానిది), స్ఫటికం, పాల తెలుపు, ఆ కింద మూడూ బంగారు, వెండి లోహపు గుండ్లు. పూస, బ్యాడ్జి ఒకే అంతస్తును చూపించాలి. క్రౌంచం బ్యాడ్జి, స్ఫటికం పూస కలిసి ఉంటే చిత్రకారుడికి నియమాలు తెలియవు, లేదా ఎవరో తర్వాత దిద్దారు. రంగు మాసిపోయి పగడం గోధుమ రంగులోకి మారడమూ ఉంది, కాబట్టి లెన్సుతో చూశాకే నిర్ణయించండి.

పసుపు బట్ట మీద డ్రాగన్లు ఉన్నాయి. చక్రవర్తి బొమ్మేనా?

అమ్మేవాళ్లు అలాగే చెబుతారు. డ్రాగన్ అంగీ చింగ్ దర్బారులో రాకుమారులు, అధికారులు, వాళ్ల భార్యలు కూడా వేసుకున్నారు. 19వ శతాబ్దానికి అయిదు గోళ్ల డ్రాగన్ కూడా అందరి మీదికీ వచ్చింది. 1759 నియమాల తర్వాత చక్రవర్తి అంగీని గుర్తించేది సూర్యుడు, చంద్రుడు, పర్వతం వంటి 12 చిహ్నాల మొత్తం. అవి లేకుండా ‘చక్రవర్తి’ అన్న మాటకు విలువ ఇవ్వకండి. పసుపుగా కనిపించేది వెలిసిన గోధుమ రంగేమో కూడా చూడండి. అంచు బట్ట కింద దాగిన చోట అసలు రంగు మిగిలి ఉంటుంది.

స్త్రీ చిత్తరువులో మంచూనా, హాన్ చైనీయురాలా అని ఎలా తెలుస్తుంది?

చెవులు చూడండి. చింగ్ కాలపు మంచూ స్త్రీకి ఒక్కో చెవికి మూడు పోగులు, హాన్ (చైనాలోని అధిక సంఖ్యాకుల) స్త్రీకి ఒక్కటే. మంచూ స్త్రీ దర్బారు అంగీ చేతులు గుర్రపు డెక్క ఆకారంలో ముగుస్తాయి. హాన్ స్త్రీ మింగ్ నాటి వేషాన్నే కొనసాగించింది: ముత్యాల ఫీనిక్స్ కిరీటం, భుజాల మీది నుంచి ముందుకు వేలాడే పొడుగు పట్టీ, కింద మడతల పావడా. అందుకే హాన్ స్త్రీ బొమ్మను వేషం చూసి మింగ్ కాలానిది అనేయకండి. భర్త బొమ్మ జతగా ఉంటే దాన్నిబట్టి కాలం చెప్పండి. పక్కపక్కన వేలాడదీస్తే బ్యాడ్జిల్లోని పక్షులు ఎదురెదురుగా చూసుకోవాలి. అలా చూసుకోకపోతే ఆ జంట తర్వాత కూర్చినదేమో.

ముఖం ఫొటోలా, ఒళ్లు బొమ్మలా ఉంది. ఎందుకలా?

ఫొటో చూసి ముఖం వేశారు కాబట్టి. చైనా రేవు పట్టణాల్లో 19వ శతాబ్దం రెండో సగంలో ఫొటో స్టూడియోలు పెరిగాక, చిత్రకారులు ముఖానికి ఫొటోను, ఒంటికి పాత నమూనాను వాడారు. ముక్కు కింద, గడ్డం కింద గట్టి నీడ ఉండి, బట్టలు మాత్రం చదునుగా ఉంటే అది 1860ల కన్నా పాతదనడం కష్టం. ఇవి నకిలీలు కావు, ఆ కాలపు నిజమైన పూజా చిత్తరువులు.

రంగును పరీక్షిస్తే ఏ సంవత్సరమో తెలుస్తుందా? కార్బన్ డేటింగ్ చేయించాలా?

‘ఫలానా ఏడాదికి ముందు కాదు’ అని మాత్రం చెప్పవచ్చు. కృత్రిమ అల్ట్రామెరైన్ నీలం 1828 తర్వాతిది, ఎమరాల్డ్ ఆకుపచ్చ 1814 తర్వాతిది. టైటానియం తెలుపు 1920ల ప్రాంతం నుంచే వాడుకలోకి వచ్చింది. మింగ్ నాటిదంటున్న ముఖంలో టైటానియం బయటపడితే ఆ ముఖాన్ని ఎవరో తిరిగి దిద్దారు, లేదా మొత్తం కొత్తదే. ఈ తేడా తెలియాలంటే ముఖంలో ఒక చోట కాకుండా, బట్టల్లో కూడా రెండు మూడు చోట్ల ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ (రంగులోని మూలకాలను చూపే) పరీక్ష చేయించాలి.

కార్బన్ డేటింగ్ మీద డబ్బు పెట్టకండి. సుమారు 1650 తర్వాతి వస్తువులకు దాని లెక్క 300 ఏళ్ల విస్తృతిలో ఎక్కడైనా పడుతుంది, చింగ్ కాలమంతా అందులోనే ఉంది.

అతినీలలోహిత టార్చి చవకైనది, ఉపయోగం ఎక్కువ. చీకట్లో వేస్తే 1950ల తర్వాతి కాగితాలు చాలావరకు నీలి తెలుపులో మెరుస్తాయి. మెరిసింది వెనక అతికిన కాగితమా, బొమ్మ వేసిన కాగితమా అన్నది మాత్రం వేరు చేసి చూడండి.

## జపాన్ అచ్చు బొమ్మలు

నటుడి ముఖం, అందగత్తె ముఖం ఉన్న అచ్చు బొమ్మ. చెక్క అచ్చుదా, మెషీన్ ప్రింటా?

10 రెట్ల లెన్సు తీసుకోండి. రంగు చుక్కల గుంపుగా కనపడితే ఆఫ్‌సెట్ ప్రింటు, అక్కడితో అయిపోయింది. చెక్క అచ్చులో రంగు ఒకే పొరగా కాగితం నారల్లోకి దిగి ఉంటుంది, వెనక వైపుకూ ఊరుతుంది, రుద్దిన గుండ్రటి గుర్తులు కనపడతాయి. కొలత కూడా చూడండి: ఓబాన్ అనే ప్రామాణిక పరిమాణం సుమారు 38×25 సెంటీమీటర్లు. పోస్ట్‌కార్డు సైజులో ఉతమారో అనే పేరున్న చిత్రకారుడి బొమ్మ దొరికితే అది తర్వాతి కాలపు చిన్న ప్రతి.

చెక్క అచ్చు అని తేలినా పాతదని కాదు. 20వ శతాబ్దంలో అదాచీ, తకమిజావా వంటి ప్రచురణకర్తలు పాత బొమ్మలను మళ్లీ చెక్కి అచ్చు వేశారు. పని చాలా బాగుంటుంది, కాగితం మందంగా, తెల్లగా ఉంటుంది, చాలాసార్లు అంచున వాళ్ల ముద్ర ఉంటుంది. అంచు కత్తిరించి ఉంటే ఎందుకు కత్తిరించారో ఆలోచించండి.

సంతకం పక్కన చిన్న గుండ్రటి ముద్రలు ఉన్నాయి. అవి చిత్రకారుడివా?

ఎదోలో (నేటి టోక్యో) ప్రభుత్వ తనిఖీ ముద్రలవి. సంతకం చదవడం రాకపోయినా వీటితో కాలం తేల్చవచ్చు. 1790 ప్రాంతం నుంచి 1842 దాకా ‘కివామె’ అనే ఒక చిన్న గుండ్రటి ముద్ర. 1842–47లో తనిఖీదారు పేరుతో ఒక ముద్ర, 1847–52లో రెండు పేర్లతో రెండు ముద్రలు. 1852–53లో ఆ రెంటికీ తోడు తేదీ ముద్ర. 1853–57లో ‘అరతమె’ ముద్ర, తేదీ ముద్ర. 1858లో తేదీ ఒక్కటే. 1859 నుంచి రెండూ కలిసిన ఒకే గుండ్రం, 1870ల మొదట్లో ఆగిపోయేదాకా.

తేదీ ముద్రలో 12 జంతువుల చక్రంలోని సంవత్సరం, నెల సంఖ్య ఉంటాయి. 1852 ఎలుక సంవత్సరం, 1864 మళ్లీ ఎలుకే. రెండిటినీ విడదీసేది పక్కనున్న ముద్రలు: రెండు తనిఖీదారుల పేర్లు ఉంటే 1852, అన్నీ ఒకే గుండ్రంలో ఉంటే 1864. ఒసాకా అచ్చు బొమ్మల్లో ఈ ముద్రలు సాధారణంగా ఉండవు, కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనకండి.

నటుడు ఎవరో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, బట్టల మీది వంశ చిహ్నం. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చదరాలు ఇచికావా దంజూరో వంశానివి. పేరు తరతరాలకూ ఒకటే కాబట్టి, ఎన్నో దంజూరో అన్నది బొమ్మ తేదీతో కలిపి తేల్చాలి. షరాకు వేసిన నటుల బొమ్మల్లో ఇదే పద్ధతి పనికొచ్చింది. ఆయన బొమ్మలు 1794–95 మధ్య సుమారు పది నెలల్లోనే వచ్చాయి, ఆ నెలల్లో ఏ నాటకాల్లో ఎవరు ఏ వేషం కట్టారో రంగస్థల రికార్డుల్లో ఉంది.

## ఎవరి బొమ్మ? ఎవరు వేశారు?

పూర్వీకుల చిత్తరువుల మీద చిత్రకారుడు సంతకం ఎందుకు చేయలేదు?

వంశం మొక్కే పటం మీద కూలికి పనిచేసిన మనిషి పేరు ఉండటం మర్యాద కాదు. పైగా ఒకరే వేసేవారు కాదు. ముఖం చేయి తిరిగినవాడు వేస్తే, బట్టలు, తివాచీ దుకాణంలో మిగతావాళ్లు నింపేవాళ్లు. మనిషి పోయాక కబురు వస్తే, ముక్కులు, కళ్లు, గడ్డాల నమూనాలు చూపించి, ఏది దగ్గరగా ఉందో బంధువులను అడిగి కూర్చేవాళ్లు. అందుకే రెండు వేరు వేరు కుటుంబాల పటాల్లో ఒకే ఒళ్లు, ఒకే కుర్చీ కనిపిస్తాయి. దుకాణం ఒకటని దాంతో చెప్పొచ్చు, మనుషులు బంధువులని చెప్పలేం.

పైన పేరు, బిరుదు రాసి ఉన్నాయి. నమ్మవచ్చా?

వేషంతో సరిపోతేనే. 20వ శతాబ్దం మొదట్లో కుటుంబాలు విడిపోయి, పటాలు బీజింగ్ దుకాణాలకు చేరాయి. అనామకుడి కన్నా సేనాపతికి ధర ఎక్కువ కాబట్టి వ్యాపారులు పేర్లు రాయించారు. సిరా పట్టు పగుళ్ల మీదుగా సాగిందా, పగుళ్ల లోపలికి కారిందా అని లెన్సుతో చూడండి. పగులు లోపలికి సిరా దిగితే, పట్టు పగిలాక రాసిన రాత అది.

సదుద్దేశంతో అతికిన పేరు కూడా తప్పు కావచ్చు. క్యోటోలోని జింగోజి ఆలయంలో దాదాపు నిలువెత్తు చిత్తరువు ఒకటుంది. దాన్ని షోగున్ (సైనిక పాలకుడు) మినమోతో నో యొరితోమోదిగా, ఫుజివారా తకనోబు వేసినదిగా తరతరాలు నమ్మారు. పాఠ్యపుస్తకాల్లో యొరితోమో ముఖం అదే. 1995లో కళాచరిత్రకారుడు యొనెకురా మిచియో అది అషికాగా తదయొషి అనే మరో సైనిక నాయకుడిదని వాదించాడు. తన బొమ్మను, అన్న బొమ్మను ఆ ఆలయానికి ఇస్తున్నట్టు 1345లో తదయొషి రాయించిన పత్రం ఆయన ఆధారాల్లో ఒకటి. వాదన ఇంకా నడుస్తోంది. అంత పేరున్న చిత్రానికే ఇది జరిగినప్పుడు, మీ పటం మీది చీటీని ఒక ప్రతిపాదనగానే తీసుకోండి.

నిలబడిన యోధుడు, పైన రెండు లిపుల్లో రాత. ఇదేమిటి?

చింగ్ చక్రవర్తి చియన్‌లుంగ్ తన యుద్ధాల్లో గెలిచిన అధికారులకు వేయించిన వరస కావచ్చు. బీజింగ్‌లోని జిగ్వాంగ్ మందిరం కోసం 1760లో వంద చిత్తరువులు తయారయ్యాయి, పైన చైనా, మంచూ భాషల్లో ప్రశంస ఉంటుంది. 1900 నాటి బాక్సర్ తిరుగుబాటు కల్లోలంలో అవి చెల్లాచెదురయ్యాయి. నిజమైనవి వేలంలో పెద్ద ధర పలుకుతాయి కాబట్టి కాపీలూ ఎక్కువే. రెండు లిపులూ ఒకే మనిషి పేరు చెబుతున్నాయో లేదో మంచూ చదవగలిగినవాళ్లతో చూపించండి. కాపీల్లో మంచూ భాగం తరచుగా అర్థం లేని గీతలు.

కుర్చీలో కాళ్లు ముడుచుకున్న బౌద్ధ గురువు. చైనానా, జపానా?

కిందపెట్టిన పీట మీద చెప్పులు, చేతిలో దండం, భుజం దగ్గర ఉంగరంతో కట్టిన కాషాయ వస్త్రం ఉంటే అది జెన్ (చైనాలో చాన్) గురువు బొమ్మ. పద్ధతి చైనాలో పుట్టి జపాన్‌కు వెళ్లింది, 13వ శతాబ్దంలో రెండు చోట్లా ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఆధారం పైన ఉన్న రాతే. గురువు స్వయంగా రాసి, ఎవరికి ఇస్తున్నాడో, ఏ మఠంలో రాశాడో చాలాసార్లు చెబుతాడు. రాత ఎడమ నుంచి కుడికి సాగితే కంగారుపడకండి, బొమ్మలోని ముఖం ఏ వైపు తిరిగితే రాతను ఆ వైపు నుంచి మొదలుపెట్టడం ఆ సంప్రదాయంలో ఉంది.

## పోల్చుకోవడం, చట్టం, నమోదు

పాతగా కనపడేలా చేసిన కొత్త బొమ్మను ఎలా పట్టుకోవాలి?

పట్టు సహజంగా పాతబడితే గోధుమ రంగు ఒక్కలా రాదు. అంచు కింద, చుట్ట లోపలి భాగంలో లేతగా ఉంటుంది. టీ నీళ్లలో ముంచిన పట్టు ముందూ వెనకా ఒకే రంగులో ఉంటుంది, పగుళ్ల లోపల కూడా. నిజమైన చుట్టకు పగుళ్లు అడ్డంగా, దాదాపు సమాన దూరాల్లో వస్తాయి. నలిపి తెచ్చిన పగుళ్లు అన్ని దిక్కులా పోతాయి. బట్టల్లో తప్పులు ఇంకా బాగా పట్టిస్తాయి: మంచూ టోపీతో హాన్ భుజపట్టీ, బ్యాడ్జిలో ఏ పక్షో చెప్పలేని పక్షి, చింగ్ దర్బారు వేషంలోని 108 పూసల మాలలో పక్కకు వేలాడే మూడు చిన్న దండలు లేకపోవడం.

పోల్చి చూడటానికి ఎక్కడ వెతకాలి?

పూర్వీకుల చిత్తరువులకు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆసియా కళా మ్యూజియం ఆన్‌లైన్ సేకరణ మొదటి మెట్టు. కొరియాకు కొరియా జాతీయ మ్యూజియం, జపాన్‌కు అక్కడి జాతీయ మ్యూజియంల ఉమ్మడి జాబితా కోల్‌బేస్. అచ్చు బొమ్మలకు ఉకియో-ఎ డాట్ ఆర్గ్‌లో ఫొటో ఎక్కిస్తే అదే బొమ్మ వేరే ప్రతులు దొరుకుతాయి, చాలాసార్లు నిమిషంలో పని అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ గ్యాలరీలు ఒకసారి నిదానంగా చూడండి. పట్టు కుట్టుపని, లక్క, పింగాణీ మీది రంగులు కంటికి అలవాటైతే ఫొటోలో చూసేది బాగా అర్థమవుతుంది.

ఇండియాలో ఉన్న బొమ్మను అమ్మాలన్నా, విదేశానికి పంపాలన్నా అనుమతి కావాలా?

వంద ఏళ్లు దాటిన చిత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వ్యక్తులు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు, అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, చిత్రాలకు రిజిస్ట్రేషన్ కూడా అవసరం. వంద ఏళ్లు కాలేదని అనుకుంటే భారత పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. రంగు, నార పరీక్షలకు లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనాలయాన్ని అడగవచ్చు.

ఇంత చూసినా పేరు తేలలేదు. జాబితాలో ఏమని రాయాలి?

తేలినంత మేరకు రాయండి, ప్రతి మాటకూ ఆధారం పక్కనే పెట్టండి. ఉదాహరణకు: “అజ్ఞాత పౌర అధికారి, నాలుగో అంతస్తు (అడవి బాతు బ్యాడ్జి, గచ్చు నీలం పూస రెండూ సరిపోయాయి). చైనా, చింగ్ రాజ్యం, 19వ శతాబ్దం రెండో సగం (ముఖంలో ఫొటో తరహా నీడ). దుకాణం పని, చిత్రకారుడు తెలియదు. పట్టు మీద రంగులు. అంచు బట్ట తర్వాత మార్చినది. పై కుడి మూల రాత పగుళ్ల తర్వాత చేర్చినది, లెక్కలోకి తీసుకోలేదు.” దీనితో పాటు ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో రాసి, రసీదు, పాత లేబుళ్ల ఫొటోలు జతచేయండి. తర్వాత చూసేవాళ్లకు ఈ కాగితం బొమ్మతో పాటే అందాలి, కాబట్టి ఒక ప్రతి పెట్టెలో ఉంచండి.